నడుం నొప్పికి సూది: కాకి వాలినందుకేనా తాటిపండు పడింది?

(గుంటూరులో విశ్రాంత ఉద్యోగుల నెలవారీ సమావేశంలో ఒక నొప్పి చికిత్స వైద్యుడి ప్రసంగం, చివర ప్రశ్నలతో సహా)

అందరికీ నమస్కారం. మొదలుపెట్టే ముందు ఒక మాట. కూర్చుని కూర్చుని నడుము పట్టేసినవాళ్లు మొహమాటపడకుండా లేచి నిలబడండి. వెనక గోడ పక్కన అటూ ఇటూ నడవండి. నడుము గురించి చెబుతూ మిమ్మల్ని గంటసేపు కదలకుండా కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు.

నన్ను పిలిచిన మాస్టారు ఫోన్‌లో ఒకటే ప్రశ్న వేశారు. "డాక్టర్ గారూ, నడుముకు వేసే ఆ ఇంజెక్షన్ పనిచేస్తుందా, చేయదా? మా సభ్యుల్లో సగం మంది వేయించుకున్నారు, మిగతా సగం వేయించుకోవాలా అని అడుగుతున్నారు." నేను ఆ ఇంజెక్షన్ వేసే డాక్టర్నే. ఎన్నో ఏళ్లుగా వేస్తున్నాను. కాబట్టి ఈ ప్రశ్నకు నిజం చెప్పాల్సిన బాధ్యత అందరికంటే ముందు నాదే.

ఇద్దరు మనుషుల గురించి చెబుతాను. ఒకాయన మిర్చి యార్డులో హమాలీ. నలభై కిలోల పైన ఉండే టిక్కీలను, అంటే మిర్చి బస్తాలను, రోజంతా మోసే మనిషి. నా దగ్గరకు వచ్చినప్పుడు కుర్చీలో కూర్చోలేకపోయాడు. టేబుల్ అంచు పట్టుకుని, ఎడమ కాలు మడమ నేలకు ఆనకుండా ఎత్తిపెట్టి, అలాగే నిలబడి మాట్లాడాడు. నొప్పి ఎక్కడ అంటే నడుము చూపించలేదు. ఎడమ పిరుదు మీద వేలు పెట్టి, తొడ వెనక నుంచి, పిక్క మీదుగా, పాదం బయటి అంచు దాకా ఒక గీత గీసినట్టు చూపించాడు. "కరెంటు తీగ లాగినట్టు లాగుతుంది సార్. మూడు వారాలైంది నిద్రపోయి" అన్నాడు. పడుకోబెట్టి కాలు నిటారుగా ఎత్తబోతే కాస్త లేచేసరికే అరిచాడు. వెన్నుపూసల మధ్య మెత్తల్లా ఉండేవే డిస్కులు. ఎమ్మారైలో అడుగున ఉన్న డిస్క్ బయటకు పొడుచుకు వచ్చి నరం మొదలును తాకుతోంది. అదే సయాటికా. మన ఊళ్లలో తుంటి నొప్పి, నరం నొప్పి అంటారు.

ఆయనకు సూది వేశాను. వేయించుకోని వాళ్లకు భయం ఉంటుంది కాబట్టి ఎలా వేస్తామో చెబుతాను. బోర్లా పడుకోబెట్టి పొట్ట కింద దిండు పెడతాం. చర్మం మీద మందు పూసి శుభ్రం చేస్తుంటే చల్లగా తగులుతుంది. ముందు సన్న సూదితో చర్మానికి మత్తు ఇస్తాం, అది ఒక్క నిమిషం చురుక్కుమంటుంది. తర్వాత సీ ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రంలో చూస్తూ వెన్నెముక లోపల, నరాల పొర బయట ఉండే సన్నటి ఖాళీలోకి సూది తీసుకెళ్తాం. ఆ ఖాళీ పేరే ఎపిడ్యూరల్. రంగు మందు కొంచెం ఎక్కిస్తే తెర మీద నరం వెంట నల్లటి గీతలా పాకుతుంది. సూది సరైన చోట ఉందని అప్పుడు తెలుస్తుంది. ఆ తర్వాతే అసలు మందు, అంటే వాపు తగ్గించే స్టెరాయిడ్, దాంతోపాటు కొంచెం మత్తు మందు. మందు లోపలికి వెళ్లేటప్పుడు ఆయన దిండులోంచే "అదే సార్, అదే లాగుడు, అక్కడే" అన్నాడు. కాలి నొప్పి ఏ నరానిదో ఆ నరం దగ్గరకే మందు చేరిందన్నమాట.

నాలుగో రోజు రాత్రి నిద్రపోయాడు. మూడు నెలలకు మళ్లీ యార్డుకు వెళ్లాడు. "ఆ డాక్టరు ఒక్క సూది వేస్తే నొప్పి పోయింది" అని అందరికీ చెప్పాడు. ఆయన చెప్పగా విని పదిమంది వచ్చారు.

రెండో ఆయన ఆటో నడుపుతాడు. దాదాపు అదే వయసు. అదే డిస్క్, అటు పక్క నరం, అదే బాధ. సూది అనగానే భయపడి ఇంటికి వెళ్లిపోయాడు. మందులు కూడా సరిగా వేసుకోలేదు. మూడు నెలల తర్వాత వాళ్ల అమ్మకు మోకాలు నొప్పి అని నా దగ్గరకు తీసుకొచ్చాడు. మెట్లెక్కి మామూలుగా నడిచొచ్చాడు. "నీ కాలెలా ఉందయ్యా?" అంటే, "అది పోయింది సార్, దానంతట అదే" అన్నాడు.

ఆ రోజు రాత్రి నాకు నిద్రపట్టలేదు. కాకతాళీయం అన్న మాట మనందరికీ తెలుసు. కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలింది, అదే క్షణంలో తాటిపండు పడింది. చూసినవాడు కాకి బరువుకే పండు పడిందనుకున్నాడు. పండు అప్పటికే పండి రాలడానికి సిద్ధంగా ఉంది. నా సూది కాకి అయిందా? ఆ హమాలీ నొప్పి కూడా మూడు నెలల్లో దానంతట అదే పోయేదేనా?

ఒక్క మనిషిని చూసి ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేం. నొప్పి భరించలేని స్థితికి వచ్చినప్పుడే మనం డాక్టరు దగ్గరకు వెళ్తాం. ఆ తర్వాత అది తగ్గడానికే ఎక్కువ అవకాశం. మధ్యలో ఏం చేసినా, సూది వేసినా, తైలం రాసినా, మొక్కు మొక్కినా, పేరు దానికే వస్తుంది. పైగా బయటకు వచ్చిన డిస్క్ ముక్కను శరీరం తనే కరిగించుకుంటుంది. చాలామందికి ఈ సంగతి తెలియదు. అధ్యయనాలను కలిపి చూస్తే, పొర చించుకుని బయటకొచ్చిన డిస్కుల్లో 70 శాతం దాకా కుంచించుకుపోతాయి. పూర్తిగా తెగి విడిపడిన ముక్కల్లో 96 శాతం దాకా తగ్గిపోతాయి. ఎమ్మారైలో చూస్తే భయం పుట్టించే పెద్ద ముక్కే బాగా కరుగుతుంది. కొంచెం ఉబ్బిన డిస్క్ మాత్రం చాలామందిలో అలాగే ఉండిపోతుంది.

కాకిని, తాటిపండును విడదీసి చూసే దారి ఒకటే. ఒకే జబ్బున్న మనుషుల్ని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు మందున్న సూది, ఇంకో గుంపుకు ఉప్పునీటి సూది వేయాలి. ఎవరికి ఏది వేశారో వాళ్లకు తెలియకూడదు. కెనడాలో అలాగే చేశారు. సయాటికా ఉన్న 158 మందిని తీసుకున్నారు. కొందరికి ఎపిడ్యూరల్‌లో స్టెరాయిడ్, కొందరికి సెలైన్, ఒక్కొక్కరికి అవసరాన్ని బట్టి మూడు సూదుల దాకా. ఫలితాలు 1997లో అచ్చయ్యాయి. ఆరు వారాల దగ్గర స్టెరాయిడ్ వాళ్లకు కాలి నొప్పి కొంత ఎక్కువ తగ్గింది. మూడు నెలల దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ సమానమైపోయారు. ఉప్పునీటి వాళ్లూ బాగుపడ్డారు, మందు వాళ్లూ బాగుపడ్డారు. ఏడాదిలో ఆపరేషన్ దాకా వెళ్లినవాళ్లు ఒక గుంపులో 25.8 శాతం, రెండో గుంపులో 24.8 శాతం. సూది ఆపరేషన్‌ను తప్పించలేదన్నమాట.

ఒక్క అధ్యయనంతో తేల్చొద్దు అంటారు, నిజమే. వైద్య అధ్యయనాలను ఒకచోట చేర్చి తూకం వేసే కోక్రేన్ అనే సంస్థ 2020లో ఇలాంటివి 25 అధ్యయనాలు కలిపి లెక్క కట్టింది. మొత్తం 2,470 మంది. నొప్పిని సున్నా నుంచి నూరు దాకా కొలిస్తే, ఉత్తుత్తి సూది కంటే స్టెరాయిడ్ సూది కాలి నొప్పిని అదనంగా తగ్గించింది దాదాపు 5 పాయింట్లు. అదీ మొదటి కొద్ది వారాల్లోనే. నూటికి ఐదు. ఇది సగటు అని గుర్తుంచుకోండి. కొందరికి ఎక్కువ, కొందరికి ఏమీ ఉండదు. ఎవరికి ఎక్కువ తగ్గుతుందో ముందే చెప్పగలిగే పరీక్ష మాత్రం మా దగ్గర లేదు.

ఇది విని సూది దండగ అనుకుని వెళ్లకండి. మూడు వారాలు నిద్రలేని మనిషికి ఆరు వారాల ఊరట చిన్న విషయం కాదు. ఆ ఆరు వారాల్లో అతను నిద్రపోతాడు, కాలు కదుపుతాడు, నొప్పి మాత్రలు తగ్గించుకుంటాడు. ఈలోగా శరీరం డిస్క్‌ను కరిగించే పని అది చేసుకుంటూ ఉంటుంది. బ్రిటన్‌లో 163 మంది సయాటికా రోగుల్లో కొందరికి ఈ సూది, కొందరికి డిస్క్ ఆపరేషన్ చేసి పోల్చారు. ఫలితాలు 2021లో వచ్చాయి. పద్దెనిమిది వారాల దగ్గర రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అంటే ఆపరేషన్ బల్ల ఎక్కేముందు సూదిని ప్రయత్నించడం తప్పుకాదు. సూది కొంత సమయం కొనిపెడుతుందని నేను నా పేషెంట్లకు చెబుతాను. జబ్బు పోగొడుతుందని చెప్పడం మానేశాను.

ఇప్పటిదాకా చెప్పిందంతా కాలి నొప్పి గురించి. మీలో ఎక్కువమందికి ఉన్నది అది కాదు. మీది నడుం నొప్పి. పొద్దున లేవగానే పట్టేయడం, వంగి లేస్తే కలుక్కుమనడం, కాసేపు నిలబడితే బరువెక్కడం. కాలికి దిగదు. దీని విషయంలో నేను నిర్మొహమాటంగా చెబుతాను. ఈ నొప్పికి వెన్నులో సూది వేయించుకోవద్దు.

ఎందుకో చెబుతాను. సయాటికాలో నరం నలగడం ఒక్కటే కాదు. చిరిగిన డిస్క్ లోపలి జిగురు పదార్థం బయటకొచ్చి నరాన్ని వాచేలా చేస్తుంది. మామూలు నరాన్ని నొక్కితే తిమ్మిరి వస్తుంది, వాచిన నరాన్ని తాకితే మంట పుడుతుంది. స్టెరాయిడ్ చేసేది ఆ వాపును తగ్గించడం. మరి ఏ నరమూ వాయని మామూలు నడుం నొప్పిలో అది దేన్ని తగ్గిస్తుంది? వెన్నెముక వెనక వైపు ఫాసెట్ జాయింట్లు అని చిన్న కీళ్లుంటాయి. వాటిలో స్టెరాయిడ్ వేస్తే తగ్గుతుందని ఒకప్పుడు చాలా నమ్మకం ఉండేది. 1991లో 97 మంది మీద స్టెరాయిడ్‌ను సెలైన్‌తో పోల్చి చూశారు. నెల తర్వాత బాగా తగ్గిందన్నవాళ్లు స్టెరాయిడ్ గుంపులో 42 శాతం, సెలైన్ గుంపులో 33 శాతం. నమ్మదగ్గ తేడా కాదని తేలింది. 2008లో కోక్రేన్ వాళ్లు దీర్ఘకాలపు నడుం నొప్పికి వేసే రకరకాల సూదుల మీద 18 అధ్యయనాలు చూసి, వీటిని సిఫారసు చేయడానికి తగిన ఆధారం లేదన్నారు. బ్రిటన్ ప్రభుత్వ మార్గదర్శకాలు 2016 నుంచి నడుం నొప్పికి వెన్ను సూదులు వేయవద్దనే చెబుతున్నాయి. కొత్తగా వచ్చిన తీవ్రమైన సయాటికాకు మాత్రం ఎపిడ్యూరల్ గురించి ఆలోచించవచ్చని మినహాయింపు ఇచ్చాయి. 2025లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన మార్గదర్శకం ఇంకా ముందుకు వెళ్లింది. మూడు నెలలు దాటిన వెన్ను నొప్పికి, అది కాలికి దిగేదైనా సరే, ఈ సూదులు వద్దంది. సూదులు వేసే డాక్టర్ల సంఘాలు దానికి గట్టిగా అభ్యంతరం చెప్పాయి. పాత సయాటికా మీద వాదన ఇంకా నడుస్తోంది. వట్టి నడుం నొప్పి మీద మాత్రం వాదించడానికి నా వైపు పెద్దగా ఏమీ మిగల్లేదు.

"మరి నా రిపోర్టులో డిస్క్ అరిగిందని రాశారు కదా" అంటారు. అరగడం, ఉబ్బడం, గ్యాప్ తగ్గడం, ఈ మాటలు చూసి ఎంతమంది టెన్షన్ పడుతున్నారో నాకు తెలుసు. నడుం నొప్పి ఏమాత్రం లేని 3,110 మంది స్కాన్‌లను కలిపి 2015లో ఒక లెక్క వచ్చింది. ఇరవై ఏళ్ల వయసులోనే 37 శాతం మందికి డిస్క్ అరిగినట్టు ఉంది. ఎనభై ఏళ్లకు 96 శాతం మందికి. వీళ్లెవరికీ నొప్పి లేదు! తల నెరవడం లాంటిదే ఇది. ఆ రిపోర్టు పట్టుకుని సూదికి పరిగెత్తకండి.

మీ వయసు వాళ్లకు ఇంకో రకం ఉంది, దాని మీద కొంచెం ఆగుతాను. మార్కెట్‌కు నడిచి వెళ్తుంటే మధ్యలో రెండు కాళ్లూ బరువెక్కి, మొద్దుబారి, ఏదో అరుగు మీద కూర్చోవాల్సి వస్తుంది. కూర్చుని ముందుకు వంగితే హాయి. అదే దూరం సైకిల్ మీద వెళ్తే నొప్పే ఉండదు. ఇది వెన్ను కాలువ ఇరుకైపోవడం వల్ల వస్తుంది. వంగినప్పుడు కాలువ కొంచెం తెరుచుకుంటుంది, అందుకే సైకిల్ మీద బాధ లేదు. దీనికి కూడా చాలా సూదులు పడుతున్నాయి. అమెరికాలో ఇలాంటి 400 మందికి, కొందరికి స్టెరాయిడ్ కలిపిన మత్తు మందు, కొందరికి వట్టి మత్తు మందు వేసి చూశారు. 2014లో వచ్చిన ఫలితం ఏమిటంటే, ఆరు వారాల దగ్గర స్టెరాయిడ్ వల్ల అదనపు లాభం దాదాపు లేదు. దీనికి సూదుల మీద డబ్బు పెట్టేకంటే సైకిల్ మానకండి, నడక మధ్య మధ్య ఆగుతూ కొనసాగించండి. నడవగలిగే దూరం మరీ తగ్గిపోతుంటే స్పైన్ సర్జన్‌ను కలవండి.

ఇక నష్టాలు. ఈ గదిలో షుగర్ ఉన్నవాళ్లు చేతులెత్తండి... సగం పైన ఉన్నారు. వెన్నులో వేసిన స్టెరాయిడ్ వెన్నులోనే ఉండిపోదు, రక్తంలోకి వస్తుంది. రెండు మూడు రోజులు, కొందరికి వారం పైన షుగర్ బాగా పెరుగుతుంది. వేసే డాక్టరుకు మీకు షుగర్ ఉందని చెప్పండి, ఆ వారం రోజూ ఇంట్లో చూసుకోండి. స్టెంట్ వేయించుకుని రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు వాటి సంగతి తప్పకుండా చెప్పాలి, లేకపోతే సూది పడ్డ చోట లోపల రక్తం కారి, అది గడ్డలా చేరి నరాలను నొక్కేసే ప్రమాదం ఉంది. గుండె డాక్టరును అడగకుండా మీ అంతట మీరు వాటిని ఆపొద్దు కూడా. అరుదుగానే అయినా పక్షవాతం, చూపు పోవడం లాంటివి జరిగాయని 2014లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిక ఇచ్చింది. 2012లో అక్కడే, మాసచూసెట్స్‌లో ఒక చోట తయారైన స్టెరాయిడ్ సీసాల్లో బూజు చేరింది. ఆ సూదులు వేయించుకున్నవాళ్లలో 753 మందికి ఇన్ఫెక్షన్ వచ్చింది, అప్పటి లెక్కల ప్రకారం 64 మంది చనిపోయారు. వాళ్లందరూ నొప్పి తగ్గుతుందని వెళ్లినవాళ్లే. మందు పనిచేస్తుందా అన్న ప్రశ్న నాకు ఇంత ముఖ్యం కావడానికి అదొక కారణం. లాభం గట్టిగా ఉంటే చిన్న ప్రమాదాన్ని ఒప్పుకోవచ్చు. లాభమే లేనిచోట ఎంత చిన్న ప్రమాదమైనా ఎందుకు ఒప్పుకోవాలి?

ఇంకో సూది ఉంది. వీధి చివర ఆరెంపీ దగ్గర పిరుదుకు వేయించుకునేది. "ఒక సూది వేసెయ్యండి, రేపు పొలం పనుంది" అంటాం. అందులో ఎక్కువగా ఉండేది నొప్పి మందు. మాత్రగా వేసుకున్నా అదే పని చేస్తుంది. ఆ రోజుకు నొప్పి తెలియకుండా చేస్తుంది, అంతే. పొట్టలో పుండ్లు, కిడ్నీకి దెబ్బ, ఈ రెండూ మాత్రతో ఉన్నట్టే సూదితోనూ ఉంటాయి. పిరుదులో తప్పు చోట గుచ్చితే సయాటిక్ నరానికే తగులుతుంది. నడుం నొప్పికని వెళ్లి పాదం పైకి లేపలేని స్థితిలో వచ్చిన ఒక రైతును నేను చూశాను. చెప్పు జారిపోతుంటే కాలికి తాడుతో కట్టుకుని వచ్చాడు. ఆ తాడు నాకు ఇప్పటికీ కళ్ల ముందు కనిపిస్తుంది.

కొన్ని గుర్తులుంటే మాత్రం సూదీ వద్దు, నడకా వద్దు, ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లండి. మూత్రం రాకపోవడం, లేదా తెలియకుండా పోవడం, కూర్చునే చోట మొద్దుబారడం, కాలు రోజురోజుకీ చచ్చుబడిపోవడం. వెన్నునొప్పితో పాటు సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే వెన్నెముక క్షయ ఉందేమో చూడాలి. మన దేశంలో అది తక్కువేం కాదు. అలాంటి నడుముకు చూడకుండా స్టెరాయిడ్ వేస్తే జబ్బు ఇంకా పెరుగుతుంది.

మరి చేయాల్సిందేమిటి? ఆస్ట్రేలియాలో, నడుం నొప్పి వచ్చి తగ్గిన 701 మందిలో కొందరికి క్రమంగా పెంచుకుంటూ నడిచే పద్ధతి నేర్పారు, వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట దాకా. మిగతావాళ్లను వాళ్ల మానాన వదిలేశారు. నొప్పి మళ్లీ తిరగబెట్టడానికి నడిచినవాళ్లకు పట్టింది 208 రోజులు, నడవనివాళ్లకు 112 రోజులు. 2024లో వచ్చింది ఈ ఫలితం. నా సూదుల్లో ఏ ఒక్కదానికీ ఇలాంటి అంకె లేదు.

ఇక ప్రశ్నలు అడగండి.

*వెనక వరుసలో ఒకావిడ:* డాక్టర్ గారూ, నాకు రెండు కాన్పులూ ఆపరేషనే. అప్పుడు వెన్నులో మత్తు సూది వేసినప్పటి నుంచే ఈ నడుం నొప్పి. అది నిజమేనా?

అమ్మా, ఈ ప్రశ్న రోజూ వింటాను. ఆ సూది పడ్డ చోట కొన్ని రోజులు నొప్పి ఉండొచ్చు. ఏళ్ల తరబడి ఉండే నొప్పికి అది కారణం కాదని అధ్యయనాలు చెబుతున్నాయి. మామూలు కాన్పు అయినవాళ్లకూ ఇదే నొప్పి వస్తుంది. తొమ్మిది నెలలు మోసి, తర్వాత రెండేళ్లు బిడ్డను చంకనెత్తుకుని తిరిగిన నడుము అది. ఇక్కడ కూడా కాకి వాలిన సంగతే గుర్తుంది, పండు సంగతి గుర్తులేదు.

*ముందు వరుసలో ఒక మాస్టారు:* మా ఆవిడకు వచ్చే మంగళవారం ఇంజెక్షన్ అన్నారండీ. అడ్వాన్స్ కూడా కట్టాం. వెళ్లాలా, వద్దా?

నొప్పి కాలికి దిగుతుందా మాస్టారూ?

*లేదండీ. నడుములోనే. మూడేళ్ల నుంచి.*

కాళ్లలో తిమ్మిరి, బలం తగ్గడం, జ్వరం?

*అవేం లేవు. షుగర్ ఉంది.*

అయితే మంగళవారం వెళ్లండి, ఆ డాక్టర్ గారితో మాట్లాడండి. నేను చూడని పేషెంటు గురించి ఇక్కడి నుంచి తీర్పు చెప్పకూడదు. మూడు మాటలు అడగండి. "ఈ సూది ఏ నరం కోసం? ఎన్ని వారాలు తగ్గుతుంది? వేయించుకోకపోతే ఏమవుతుంది?" మొదటి ప్రశ్నకు ఫలానా నరం అని సమాధానం రాకపోతే, అమ్మగారికి సూది వద్దని చెప్పి, ఆ అడ్వాన్స్‌ను ఫిజియోథెరపీకి మార్చమని అడగండి. ఆ సాయంత్రం నుంచే ఇద్దరూ కలిసి నడవండి. మొదటి రోజు మీ వీధి చివరి దాకా చాలు.